మినీ ట్రాక్టర్ లిఫ్ట్ లింకులు: ఏ పనిముట్టుకు ఏ అమరిక?

వేరుశనగ విత్తిన చేనిలో మొలక ఒక వరుసలో నిండుగా, పక్క వరుసలో పలుచగా కనిపిస్తే రైతు ముందుగా అనుమానించేది విత్తనాన్ని, తర్వాత వానను. చాలాసార్లు లోపం ఆ రెండింటిలోనూ ఉండదు. ట్రాక్టర్ వెనుక విత్తే గొర్రును మోసే రెండు లిఫ్ట్ రాడ్లలో ఒకటి మరొకదాని కంటే పొట్టిగా ఉండటమే అసలు కారణం కావచ్చు. ఒక సెంటీమీటరు తేడా కంటికి ఆనదు. పంటలో మాత్రం స్పష్టంగా కనిపిస్తుంది.

2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలోని కమతాల్లో 86 శాతం చిన్న, సన్నకారు రైతులవే. సగటు కమతం విస్తీర్ణం 1.08 హెక్టార్లు. ఇలాంటి చిన్న కమతాల్లో, బత్తాయి, మామిడి, దానిమ్మ తోటల చెట్ల మధ్య, పత్తి సాళ్ల నడుమ 15 నుంచి 30 హార్స్‌పవర్ మినీ ట్రాక్టర్ల వాడకం బాగా కనిపిస్తోంది. ఉదయం రోటవేటర్, మధ్యాహ్నం కల్టివేటర్, సాయంత్రం చదును పలక, ఇలా ఒకే ట్రాక్టరుకు రోజులో రెండు మూడు పనిముట్లు మారుతుంటాయి. పనిముట్టు మారినప్పుడల్లా దానిని మోసే లింకుల అమరిక కూడా మారాలి. నిన్నటి అమరికతోనే నేటి పని చేస్తే డీజిల్ వృథా, దుక్కి ఎగుడుదిగుడు, యంత్రానికి అరుగుదల తప్పవు. కొన్ని పొరపాట్లు ప్రాణాపాయానికీ దారితీస్తాయి.

మూడు కొక్కేల వెనుక కథ

ట్రాక్టర్ వెనుక భాగంలో కింద రెండు, పైన ఒకటి చొప్పున మూడు చోట్ల పనిముట్టును తగిలించే ఏర్పాటునే త్రీ పాయింట్ లింకేజీ అంటారు. దీనిని ఆచరణయోగ్యంగా తీర్చిదిద్దిన ఘనత 1884లో ఐర్లండ్‌లో జన్మించిన హ్యారీ ఫెర్గూసన్‌ది. అంతకుముందు ట్రాక్టర్లు నాగలిని బండిలాగా వెనుక ఈడ్చుకెళ్లేవి. నాగలి కర్రు రాయికో వేరుకో తగులుకుంటే, ముందుకు పోలేని ట్రాక్టర్ ముందు చక్రాలు గాలిలోకి లేచి, వాహనం వెనక్కి తిరగబడే ప్రమాదం ఉండేది. ఫెర్గూసన్ రూపొందించిన విధానంలో పనిముట్టు ట్రాక్టర్‌లో ఒక అంగంగా మారింది. నేల నుంచి వచ్చే ప్రతిఘటన పై లింకు ద్వారా ముందుకు నెట్టే శక్తిగా ట్రాక్టర్‌కు చేరుతుంది. పనిముట్టు బరువులో కొంత భాగం వెనుక చక్రాలపై పడి వాటికి పట్టు పెరుగుతుంది.

ఈ విధానంతో 1939లో ఫోర్డ్ 9ఎన్, 1946లో ఇంగ్లండ్‌లోని కోవెంట్రీలో తయారైన టీఈ20 ట్రాక్టర్లు వచ్చాయి. 1960లో చెన్నై కేంద్రంగా ప్రారంభమైన టాఫే సంస్థ ద్వారా మాసీ ఫెర్గూసన్ ట్రాక్టర్లు భారతీయ రైతుకు పరిచయమయ్యాయి. నేడు ఏ కంపెనీ ట్రాక్టర్ అయినా ఏ కంపెనీ పనిముట్టునైనా తగిలించుకోగలగడానికి కారణం ఈ లింకేజీకి ప్రామాణిక కొలతలు ఉండటమే. భారత ప్రమాణాల్లో ఐఎస్ 4468 దీనికి సంబంధించినది.

ఎడ్ల నాగలి కాలంలోనూ ఈ సర్దుబాటు ఉండేది. దుక్కి లోతు పెంచాలన్నా తగ్గించాలన్నా రైతు నొగపై కాడి కట్టే చోటును మార్చేవాడు. చీలలు బిగించి కర్రు వాలును సరిచేసేవాడు. నొగ, కాడి, చీల చేసిన పనిని ఇప్పుడు టాప్ లింక్, లిఫ్ట్ రాడ్లు, చెక్ చైన్లు చేస్తున్నాయి. సూత్రం పాతదే.

భాగాలు, వాటి పని

సీటు కింద, వెనుక వైపు అడ్డంగా ఉండే ఇరుసును హైడ్రాలిక్ నూనె పీడనం తిప్పుతుంది. దాని రెండు చివర్లకు బిగించిన ఉక్కు చేతులే లిఫ్ట్ ఆర్మ్‌లు. వాటి నుంచి కిందికి వేలాడే కడ్డీలు లిఫ్ట్ రాడ్లు. ఇవి కింది లింకులను పైకి లేపుతాయి, కిందికి దించుతాయి. కింది లింకుల చివర ఉండే గుండు కీళ్లలో పనిముట్టు పిన్నులు కూర్చుంటాయి.

చాలా ట్రాక్టర్లలో ఎడమ లిఫ్ట్ రాడ్ పొడవు స్థిరంగా ఉంటుంది. కుడి రాడ్‌ను మాత్రం మర తిప్పి పొడవు మార్చుకోవచ్చు. పనిముట్టు ఎడమ, కుడి వైపుల సమతలం దీనిపైనే ఆధారపడుతుంది. పైన ఉండే టాప్ లింక్‌ను రెండు వైపులా మరలున్న గొట్టంగా తయారు చేస్తారు. గొట్టాన్ని ఒక వైపు తిప్పితే పొడవు పెరుగుతుంది, మరో వైపు తిప్పితే తగ్గుతుంది. పనిముట్టు ముందుకు వాలాలా, వెనక్కి వాలాలా అన్నది ఇది నిర్ణయిస్తుంది. కింది లింకులు పక్కలకు ఎంత ఊగాలో చెక్ చైన్లు లేదా స్టెబిలైజర్ కడ్డీలు నిర్ణయిస్తాయి.

క్లుప్తంగా చెప్పాలంటే ఎత్తు, లోతు హైడ్రాలిక్ లివర్ చేతిలో. ఎడమ కుడి సమతలం కుడి లిఫ్ట్ రాడ్ చేతిలో. ముందు వెనుక వాలు టాప్ లింక్ చేతిలో. పక్క ఊపు చైన్ల చేతిలో ఉంటాయి. ఏ లోపం కనిపించినా ఈ నాలుగింటిలో ఏది కారణమో ముందుగా గుర్తించి, దానిని మాత్రమే కదిలించాలి. నాలుగింటినీ ఒకేసారి మారిస్తే ఏ మార్పు ఏ ఫలితం ఇచ్చిందో తెలియదు.

ముందుగా చూడవలసినది కేటగిరీ

లింకేజీని ట్రాక్టర్ శక్తిని బట్టి కేటగిరీలుగా విభజించారు. కేటగిరీ 1లో కింది పిన్ను వ్యాసం 22 మిల్లీమీటర్లు, పై పిన్ను 19 మిల్లీమీటర్లు ఉంటాయి. కేటగిరీ 2లో ఇవి 28, 25 మిల్లీమీటర్లు. కింది రెండు పిన్నుల భుజాల మధ్య దూరం కేటగిరీ 1లో సుమారు 68 సెంటీమీటర్లు, కేటగిరీ 2లో సుమారు 82 సెంటీమీటర్లు. చిన్న ట్రాక్టర్ల కోసం పిన్నులు అంతే లావుగా ఉండి, మధ్య దూరం 40 సెంటీమీటర్లకు తగ్గిన 1ఎన్ అనే ఇరుకు రకమూ ఉంది.

పెద్ద ట్రాక్టర్ పనిముట్టును మినీ ట్రాక్టరుకు ఎలాగోలా తగిలించడం మంచిది కాదు. పెద్ద రంధ్రంలో చిన్న పిన్ను వదులుగా ఆడుతుంది. ఆ ఆటకు పిన్నూ గుండు కీలూ త్వరగా అరుగుతాయి, పనిముట్టు సమతలం నిలవదు. తప్పనిసరైతే తగిన బుష్‌లు వేసుకోవాలి. అంతకన్నా ముఖ్యం, ఆ బరువును లేపే శక్తి ట్రాక్టరుకు ఉందో లేదో చూసుకోవడం.

లిఫ్ట్ సామర్థ్యం విషయంలో మరో సూక్ష్మం ఉంది. కరపత్రంలో ముద్రించే కిలోల అంకె తరచుగా కింది లింకుల చివర లేపగలిగే బరువుకు సంబంధించినది. పనిముట్టు బరువు కేంద్రం దానికి ఇంకా వెనుక ఉంటుంది. అందుకే ట్రాక్టర్ పరీక్షల్లో లింకు చివరల వద్దనే కాక, వాటికి 610 మిల్లీమీటర్ల వెనుక కూడా సామర్థ్యాన్ని కొలుస్తారు. కొనుగోలుకు ముందు ఈ రెండో అంకెను అడిగి తెలుసుకోవడం మేలు. మధ్యప్రదేశ్‌లోని బుద్నీలో, అనంతపురం జిల్లా గార్లదిన్నెలో ఉన్న కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థలు ఇలాంటి పరీక్షలతో పాటు రైతులకు శిక్షణ కూడా ఇస్తాయి.

తగిలించే వరుస

సమతలమైన గట్టి నేలపై వెనుక టైర్లు రెండింటిలో గాలి సమానంగా ఉండేలా చూసుకోవాలి. ఒక టైరులో గాలి తక్కువైతే ఎంత జాగ్రత్తగా సరిచేసిన సమతలమైనా తప్పుగానే వస్తుంది. పొజిషన్ కంట్రోల్ లివర్‌ను మాత్రమే వాడుతూ నెమ్మదిగా వెనక్కి వచ్చి, కింది లింకులను పనిముట్టు పిన్నుల ఎత్తుకు తేవాలి. ఇంజిన్ ఆపి, పార్కింగ్ బ్రేక్ వేసి దిగాలి.

మొదట ఎడమ కింది లింకును, తర్వాత కుడి కింది లింకును, చివరగా టాప్ లింక్‌ను తగిలించాలి. ఈ వరుసకు కారణం ఉంది. ఎడమ లిఫ్ట్ రాడ్ పొడవు మారదు కనుక దానిని ముందుగా కూర్చోబెడితే, మిగిలిన కొద్దిపాటి ఎత్తు తేడాను కుడి రాడ్ మర తిప్పి సరిపెట్టవచ్చు. టాప్ లింక్ పొడవునూ అలాగే మార్చుకోవచ్చు. విప్పేటప్పుడు ఈ వరుస తలకిందులవుతుంది: ముందు టాప్ లింక్, తర్వాత కుడి, చివరగా ఎడమ. ప్రతి పిన్నుకూ లించ్ పిన్ను తప్పనిసరి. దాని స్థానంలో మేకో తీగో పెట్టడం పొలంలో మధ్యలో పనిముట్టు జారిపడటానికి దారి.

తగిలించిన తర్వాత మొదటి కొలత ఎడమ కుడి సమతలం. పనిముట్టును నేలకు కొంచెం పైన నిలిపి, దాని ఫ్రేమ్ రెండు చివరల నుంచి నేలకు టేపుతో కొలవాలి. ఈ కొలత తీసుకునేటప్పుడు పనిముట్టు కిందికి చేయి, కాలు వెళ్లకూడదు. తేడా ఉంటే కుడి రాడ్‌తో సరిచేయాలి.

ఇది ఎందుకంత ముఖ్యమో ఒక ఉదాహరణ చెబుతుంది. కింది లింకు పొడవు 80 సెంటీమీటర్లు, లిఫ్ట్ రాడ్ దాని సరిగ్గా మధ్యలో బిగించి ఉందనుకుందాం. కుడి రాడ్ ఒక సెంటీమీటరు పొట్టిగా ఉంటే లింకు చివర రెండు సెంటీమీటర్లు పైకి లేస్తుంది. రెండు లింకుల మధ్య దూరం 68 సెంటీమీటర్లు. తగిలించిన విత్తే గొర్రు వెడల్పు 150 సెంటీమీటర్లు. అంటే గొర్రు ఒక చివరకూ మరో చివరకూ వచ్చే తేడా నాలుగు సెంటీమీటర్లు దాటుతుంది. ఐదు సెంటీమీటర్ల లోతున పడవలసిన వేరుశనగ గింజ ఒక పక్క మూడు, మరో పక్క ఏడు సెంటీమీటర్ల లోతున పడుతుంది. పైన పడినది తేమ అందక ఎండిపోవచ్చు. లోతున పడినది ఆలస్యంగా, బలహీనంగా మొలుస్తుంది. విత్తనం ఒకటే, వాన ఒకటే. తేడా రాడ్‌లో ఉంది.

లిఫ్ట్ రాడ్ ఏ రంధ్రంలో?

చాలా ట్రాక్టర్ల కింది లింకుపై లిఫ్ట్ రాడ్ బిగించడానికి ఒకటి కంటే ఎక్కువ రంధ్రాలు ఉంటాయి. రాడ్‌ను ట్రాక్టర్ వైపు రంధ్రంలో బిగిస్తే పనిముట్టు ఎక్కువ ఎత్తుకు లేస్తుంది, లేపే బలం తగ్గుతుంది. వెనుక వైపు, అంటే పనిముట్టు వైపు రంధ్రంలో బిగిస్తే బలం పెరుగుతుంది, ఎత్తు తగ్గుతుంది.

పై ఉదాహరణలోని 80 సెంటీమీటర్ల లింకుపై రాడ్‌ను 40 సెంటీమీటర్ల నుంచి 50 సెంటీమీటర్లకు జరిపితే లింకు చివర లేపే బలం నాలుగో వంతు పెరుగుతుంది. అయితే రాడ్ 30 సెంటీమీటర్లు కదిలినప్పుడు లింకు చివర మునుపు 60 సెంటీమీటర్లు లేచేది, ఇప్పుడు 48 సెంటీమీటర్లే లేస్తుంది. బరువైన రోటవేటర్‌కు వెనుక రంధ్రం, తేలికగా ఉండి గట్ల మీదుగా ఎత్తుగా లేపవలసిన పనిముట్టుకు ముందు రంధ్రం అనుకూలం. రెండు వైపులా ఒకే వరుస రంధ్రంలో బిగించాలన్నది మరువరానిది.

రాడ్ల పొడవు విషయంలోనూ ఇలాంటి లెక్కే ఉంది. రెండు రాడ్లనూ పొట్టి చేస్తే పనిముట్టు మరింత పైకి లేస్తుంది కానీ కిందికి తగినంత దిగదు. రెండింటినీ పొడవు చేస్తే నేలలోకి బాగా దిగుతుంది కానీ మలుపుల వద్ద తగినంత పైకి లేవదు.

రోటవేటర్

రోటవేటర్‌కు రెండు లిఫ్ట్ రాడ్లూ సమానంగా ఉండాలి. ఇక్కడ టాప్ లింక్ పని లోతు పెంచడం కాదు. రోటవేటర్ లోతును దాని రెండు పక్కల ఉండే జారుడు పలకలు నిర్ణయిస్తాయి. రెండు పలకలనూ ఒకే రంధ్రంలో బిగించాలి. పని చేసే లోతుకు దించిన తర్వాత రోటవేటర్ గేర్‌బాక్స్ ఇరుసు ట్రాక్టర్ పీటీఓ ఇరుసుకు సమాంతరంగా ఉండేలా టాప్ లింక్‌ను సరిచేయాలి. అలా ఉంటేనే పీటీఓ షాఫ్ట్ రెండు చివరల కీళ్లలో కోణాలు సమానమై, తిరుగుడు కుదుపు లేకుండా సాగుతుంది. షాఫ్ట్ రెండు చివరల యోకులు ఒకే వరుసలో ఉండటమూ అవసరం. ఇవి తప్పితే టకటకమనే చప్పుడు, తర్వాత కీళ్లు విరగడం వస్తాయి.

పీటీఓ షాఫ్ట్ పొడవును కొత్త రోటవేటర్ తగిలించిన మొదటి రోజే చూసుకోవాలి. షాఫ్ట్ రెండు గొట్టాలు పని స్థితిలో కనీసం మూడో వంతు ఒకదానిలో ఒకటి దూరి ఉండాలి. పనిముట్టును నెమ్మదిగా పూర్తిగా లేపి, దించి చూసినప్పుడు గొట్టాలు ఎక్కడా చివరికంటా తగులుకోకూడదు. అలా తగులుకుంటే ఆ ఒత్తిడి నేరుగా ట్రాక్టర్ గేర్‌బాక్స్ బేరింగులపై పడుతుంది. ఈ పరిశీలన పీటీఓ ఆపి ఉన్నప్పుడే చేయాలి.

మలుపు వద్ద లేపేటప్పుడు కీలు కోణం అతిగా పెరగకుండా లివర్‌కు ఉండే అడ్డు మరను తగిన ఎత్తులో బిగించాలి. ఎక్కువ ఎత్తుకు లేపవలసి వస్తే ముందుగా పీటీఓ ఆపాలి. చెక్ చైన్లు కొద్దిపాటి ఊపు మాత్రమే ఉండేలా బిగించాలి. లివర్ పొజిషన్ కంట్రోల్‌లో ఉండాలి. వరి మడిలో దమ్ము చేసేటప్పుడు అవసరానికి మించిన లోతుకు దించకూడదు. ఏటా అదే లోతున రోటవేటర్ నడిపితే దాని కింద నేల గట్టిపడి పొర కట్టే అవకాశం ఉంది.

కల్టివేటర్

కల్టివేటర్ పళ్లు రెండు వరుసల్లో ఉంటాయి. ముందు వరుస లోతుగా దిగి, వెనుక వరుస నేలను గీరినట్లు పోతుంటే టాప్ లింక్ మరీ పొట్టిగా ఉందని అర్థం. దానిని కొంచెం పొడిగించాలి. వెనుక వరుస లోతుగా, ముందు వరుస తేలికగా పోతుంటే పొట్టి చేయాలి. ఫ్రేమ్ నేలకు సమాంతరంగా ఉన్నప్పుడు అన్ని పళ్లూ ఒకే లోతున నడుస్తాయి. ఈ పరీక్ష ఇంటి ముందు చదును నేలపై కాక, పొలంలో ఇరవై అడుగులు నడిపి ఆపి చూడాలి. పళ్లు నేలలో దిగాకే అసలు వాలు బయటపడుతుంది.

ఖాళీ దుక్కిలో చెక్ చైన్లను కొంత వదులుగా ఉంచితే పనిముట్టు తన దారి తానే సర్దుకుంటుంది. పత్తి, కంది సాళ్ల మధ్య అంతరకృషి చేసేటప్పుడు మాత్రం చైన్లు బిగించాలి. అక్కడ అరచేతి వెడల్పు ఊపు కూడా ఒక వరుస మొక్కలను పెళ్లగిస్తుంది.

రెక్క నాగలి

రెక్క నాగలి అమరిక మిగతావాటికి భిన్నం. రెండో సాలు నుంచి ట్రాక్టర్ కుడి చక్రాలు అంతకుముందు తీసిన సాలులో నడుస్తాయి. ట్రాక్టర్ కుడి వైపుకు ఒరుగుతుంది. దానితో నాగలీ ఒరుగుతుంది. నాగలిని నిటారుగా నిలపాలంటే కుడి లిఫ్ట్ రాడ్‌ను పొట్టి చేయాలి. ఎడమ చక్రాలను దుక్కి లోతుకు సమానమైన ఎత్తున్న గట్టి పలకలపైకి ఎక్కించి, పొలంలోని ఒరుగుడును ముందుగానే తెచ్చి ఈ సర్దుబాటు చేసుకోవచ్చు. వెనుక నుంచి చూసినప్పుడు నాగలి చట్రం నేలకు సమాంతరంగా కనిపించాలి.

నాగలి నేలలోకి దిగకపోతే టాప్ లింక్‌ను కొంచెం పొట్టి చేయాలి. కర్రు మొన కిందికి వాలి నేలను పట్టుకుంటుంది. మరీ పొట్టి చేస్తే మొన బలంగా గుచ్చుకొని, నాగలి మడమ లేచిపోతుంది. లాగే భారం పెరిగి చక్రాలు జారుతాయి. కర్రు అరిగి మొద్దుబారినప్పుడు టాప్ లింక్‌ను ఎంత తిప్పినా ప్రయోజనం ఉండదు. రెండు వైపులా తిరగబడే రివర్సిబుల్ నాగలికి రెండు లిఫ్ట్ రాడ్లూ సమానంగానే ఉండాలి. దాని ఒరుగుడును నాగలిపైనే ఉండే అడ్డు మరలతో సరిచేస్తారు.

దుక్కికి డ్రాఫ్ట్ కంట్రోల్ అనుకూలం. నేల గట్టిపడి లాగే భారం పెరిగితే టాప్ లింక్ ముందుకు నొక్కుకుంటుంది. ఆ నొక్కుడును గ్రహించి హైడ్రాలిక్ వ్యవస్థ నాగలిని కాస్త పైకి లేపుతుంది. భారం తగ్గగానే మళ్లీ దించుతుంది. ఈ సౌకర్యం లేని చిన్న ట్రాక్టర్లలో లోతు నియంత్రించే చక్రమున్న నాగలి వాడటం మంచిది.

విత్తే గొర్రు, చదును పలక, గుంతల యంత్రం

విత్తే గొర్రుకు ఎడమ కుడి సమతలం ప్రాణం. టాప్ లింక్‌ను విత్తనం, ఎరువు గొట్టాలు నిటారుగా ఉండేలా సరిచేయాలి. వాలితే గింజ సాలులో పడవలసిన చోట పడదు. చైన్లు బిగువుగా ఉండాలి. కొన్ని ట్రాక్టర్ల లిఫ్ట్ రాడ్ల కింది చివర పిన్ను అటూఇటూ జరిగే గాడి ఉంటుంది. వెడల్పైన పనిముట్లు నేల ఎత్తుపల్లాలను అనుసరించడానికి దానిని వాడవచ్చు. నాగలికి, రోటవేటర్‌కు ఆ గాడిని మూసి ఉంచాలి.

చదును పలకకు టాప్ లింక్ పొట్టి చేస్తే అంచు మట్టిని కోస్తుంది, పొడిగిస్తే పరుస్తుంది. కుడి రాడ్‌ను పొడవు చేసి పలక ఒక మూలను కిందికి దించితే మురుగు కాలువ తీయవచ్చు. పని ముగిశాక రాడ్‌ను పాత కొలతకు తేవడం మరచిపోతే మరునాటి విత్తనంపై దాని ప్రభావం పడుతుంది. అందుకే రెండు రాడ్లూ సమానంగా ఉన్న స్థానంలో మరపై రంగుతో ఒక గుర్తు పెట్టుకోవడం మంచి అలవాటు.

తోటల్లో మొక్కలు నాటేందుకు గుంతలు తీసే యంత్రానికి చైన్లు పూర్తిగా బిగించాలి. ఇది పీటీఓతో తిరిగే యంత్రం. తిరుగుతున్నప్పుడు దాని సమీపంలో ఎవరూ నిలబడరాదు. మర దిగడానికి దానిపై బరువు వేయడం, పట్టుకొని నొక్కడం అసలే చేయరాదు.

ముందు చక్రాల బరువు

వెనుక ఎంత బరువు వేలాడితే ముందు చక్రాలు అంత తేలికపడతాయి. ముందు ఇరుసుపై కనీసం ట్రాక్టర్ బరువులో 20 శాతం నిలిచి ఉండాలన్నది సాధారణ నియమం. 800 కిలోల ట్రాక్టరులో ముందు ఇరుసుపై 320 కిలోలు ఉన్నాయనుకుందాం. ముందు, వెనుక ఇరుసుల మధ్య దూరం ఒకటిన్నర మీటరు. 250 కిలోల పనిముట్టు బరువు కేంద్రం వెనుక ఇరుసుకు ఒక మీటరు వెనుక ఉంటే, ముందు ఇరుసు నుంచి సుమారు 167 కిలోలు తగ్గుతాయి. మిగిలేది 153 కిలోలు. కావలసింది 160. అంటే ముందు అదనపు బరువులు బిగించాలి. గట్టు ఎక్కేటప్పుడు, గతుకుల బాటలో ఈ లోటు మరింత పెరుగుతుంది. స్టీరింగ్ తిప్పినా ట్రాక్టర్ తిరగకపోవడం దీనికి తొలి హెచ్చరిక.

ప్రాణం మీదికి తెచ్చే పొరపాట్లు

టాప్ లింక్ బిగించే చోట గొలుసు వేసి మొద్దులు, బురదలో దిగబడిన బండ్లు లాగడం అత్యంత ప్రమాదకరం. లాగే చోటు వెనుక ఇరుసు కంటే ఎత్తులో ఉంటే ట్రాక్టర్ ముందు భాగం లేచి, డ్రైవరు మీదకే తిరగబడుతుంది. అది క్షణాల్లో జరుగుతుంది. దూకే వ్యవధి ఉండదు. ఏ బరువునైనా కింద ఉండే డ్రాబార్‌తోనే లాగాలి.

లేపిన పనిముట్టును హైడ్రాలిక్ నిలిపి ఉంచుతుందన్న నమ్మకంతో దాని కిందికి దూరరాదు. నూనె కారినా, ఎవరైనా లివర్ తాకినా అది ఒక్కసారిగా కూలుతుంది. రోటవేటర్ కత్తులకు చుట్టుకున్న గడ్డి, తీగలు తీయాలంటే పీటీఓ, ఇంజిన్ రెండూ ఆపి, తాళం తీసి, పనిముట్టు కింద గట్టి దిమ్మెలు పెట్టిన తర్వాతే చేయి పెట్టాలి. తిరుగుతున్న పీటీఓ షాఫ్ట్ నిమిషానికి 540 చుట్లు, అంటే సెకనుకు తొమ్మిది చుట్లు తిరుగుతుంది. తువ్వాలు కొంగు, పంచె అంచు, చీర చెంగు అందులో చిక్కితే వెనక్కి లాక్కునే సమయం ఉండదు. షాఫ్ట్‌పై ప్లాస్టిక్ కవచం అడ్డుగా ఉందని తీసేయడం తగదు. ఇంజిన్ నడుస్తుండగా ట్రాక్టరుకూ పనిముట్టుకూ మధ్య ఎవరినీ నిలబెట్టరాదు. రోటవేటర్‌పై పిల్లలనే కాదు, పెద్దలనూ ఎక్కించరాదు.

లక్షణాన్ని బట్టి సవరణ

పనిముట్టు ఒక పక్కకు లాగుతుంటే ముందుగా రెండు చైన్ల పొడవు సమానంగా ఉందో లేదో, తర్వాత సమతలాన్ని చూడాలి. లేపినప్పుడు కింది లింకులు టైరుకు తగులుతుంటే చైన్లు మరీ వదులుగా ఉన్నట్లు. లేపుతుండగా చైను తీగలా బిగుసుకుపోతే మరీ బిగువుగా ఉన్నట్లు. అందుకే చైన్లను బిగించాక పనిముట్టును కింది నుంచి పై వరకు ఒకసారి నెమ్మదిగా లేపి చూడాలి. లిఫ్ట్ వణుకుతూ లేస్తుంటే, లేపి ఉంచినది తనంతట తానే దిగుతుంటే లింకుల్లో కాక హైడ్రాలిక్ నూనె మట్టంలో, ఫిల్టరులో, సీళ్లలో లోపం వెదకాలి. చక్రాలు ఎక్కువగా జారుతుంటే లోతు తగ్గించాలి. ఆక్సిలరేటర్ పెంచడం పరిష్కారం కాదు.

టాప్ లింక్‌ను, లిఫ్ట్ రాడ్‌ను పొడిగించేటప్పుడు మర చివరి గాట్ల వరకు తిప్పకూడదు. లోపల తగినంత మర మిగలకపోతే భారం పడినప్పుడు ఊడివస్తుంది. సర్దుబాటు ముగిశాక లాక్ నట్ బిగించాలి. దమ్ము పని తర్వాత మట్టి కడిగి, గుండు కీళ్లకు, మరలకు గ్రీజు పెట్టాలి. తుప్పు పట్టిన మరను ఎవరూ తిప్పరు; తిప్పని మర వల్ల అన్ని పనిముట్లూ ఒకే అమరికతో నడుస్తాయి.

అద్దె యంత్రాలు తీసుకునే రైతుకు కూడా ఈ పరిజ్ఞానం అవసరమే. గంటల లెక్కన డబ్బు చెల్లించే పనిలో డ్రైవరు తొందర సహజం. పనిముట్టు దించిన తర్వాత మొదటి ఇరవై అడుగుల వద్ద ఆపించి, సాలులో రెండు చివరల లోతును ఒక పుల్లతో కొలిచి చూడటానికి పట్టే సమయం ఐదు నిమిషాలు. ఆ ఐదు నిమిషాలు ఆ పంట కాలమంతటికీ సరిపోయే జాగ్రత్త.